మూడు గంటల మక్క గటక: ఇండియన్ పుడ్డింగ్‌తో నా అనుభవం

అక్టోబర్ 28, మంగళవారం సాయంత్రం పక్కింటి పెద్దావిడ మా తలుపు కొట్టింది. కుడిచేతికి వేళ్ల దగ్గర్నుంచి మోచేతి దాకా కట్టు. నాలుగు రోజుల కింద వాకిట్లో తడి ఆకుల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందట. ఎడమచేతిలో ఒక పాత అట్టముక్క, రంగు మారిపోయి, మూలన జిడ్డు మరకతో ఉంది.

"ఏటా నవంబర్ 13న మా ఇంట్లో ఇండియన్ పుడ్డింగ్ చేస్తాను. ఈసారి గరిటె తిప్పలేను. నువ్వు ఇండియన్‌వే కదా, నువ్వు చేసిపెట్టు" అని తన జోకుకు తనే నవ్వింది.

నేనూ నవ్వాను. అమెరికాలో బోస్టన్ దగ్గరున్న ఈ ఫ్రేమింగ్‌హామ్‌కు వచ్చి ఏడేళ్లయినా ఆ పుడ్డింగ్ ఏంటో నాకు తెలీదు. బోస్టన్‌లో ఒకట్రెండు మెనూల్లో ఆ పేరు చూసి, ఏ సేమ్యా పాయసమో అనుకుని వదిలేశాను. అడగడానికి మొహమాటం వేసి సరే అన్నాను. ఆమె వెళ్లాక అట్టముక్క చదివితే అందులో మన దేశం ఎక్కడా లేదు. పాలు ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ. "ఇండియన్ మీల్" అరకప్పు కంటే కొంచెం తక్కువ. మొలాసిస్, అంటే చెరకు నల్లపాకం, అరకప్పు. గుడ్డంత వెన్న. ఉప్పు, శొంఠిపొడి, దాల్చినచెక్క పొడి. చివర్లో పైన ఒక కప్పు చల్లటి పాలు. "నిదానమైన ఓవెన్‌లో, అయ్యేదాకా." అంతే. ఎంత వేడి, ఎన్ని గంటలు, ఏ గిన్నె, ఏమీ లేదు.

మా అమ్మ ఆగస్టులో వచ్చి మా దగ్గరే ఉంది. చదివి వినిపిస్తుంటే "గుడ్డు" దగ్గర ఆపింది. కార్తీకమాసం, గుడ్డు ముట్టదు. గుడ్డు కాదమ్మా, గుడ్డంత వెన్న అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈలోపు మా ఆయన ఫోన్‌లో వెతికి, 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన వంటల పుస్తకంలోనే ఈ పుడ్డింగ్ మూడు రకాలుగా ఉందనీ, మొదటి రకంలో ఏడు గుడ్లనీ చదివాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకు ఫోన్ జేబులో పెట్టేశాడు. మా పక్కింటి వాళ్లది గుడ్డు లేని పద్ధతి. బయట తినాలంటే మాత్రం అడిగి తినండి, చాలాచోట్ల గుడ్డు వేస్తారు.

"ఇండియన్ మీల్" అంటే మొక్కజొన్న పిండి. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ గోధుమపిండితో పాలల్లో గంజిలాంటి పుడ్డింగ్ చేసుకునేవాళ్లు. ఇక్కడి నేలలో గోధుమ సరిగ్గా పండలేదు, మొక్కజొన్న పండింది. ఇక్కడి మూలవాసులను ఇండియన్లు అనేవాళ్లు కాబట్టి వాళ్ల పంట ఇండియన్ కార్న్, దాని పిండి ఇండియన్ మీల్ అయ్యాయి. ఈ సంగతి తర్వాత పెద్దావిడే చెప్పింది. ఇక్కడి వాంపనోగ్ జనం అంతకుముందు నుంచే మొక్కజొన్న రవ్వను ఉడికించి పండ్లు, గింజలు కలుపుకుని తినేవాళ్లట. దాని పేరు నసాంప్. "పంట వాళ్లది, పేరు పెట్టింది మేము, అదీ తప్పుగా" అంది. గటక అంటే మా వైపు మక్క రవ్వ ఉడికించి చేసే సంకటి. అమ్మకు తెలుగులో, ఓవెన్‌లో మూడు గంటలు పడుతుందని కూడా చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "మక్క గటకనే గదనే. గటకల పాలు, బెల్లం పోసిండ్రు. దీనికి మూడు గంటలెందుకు?"

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నవంబర్ 2, ఆదివారం. గడియారాలు గంట వెనక్కి తిప్పిన రోజు, నాలుగున్నర దాటగానే చీకటి. మొదటి ప్రయత్నం ఆ రోజే. మొక్కజొన్న పిండి తెమ్మంటే మా ఆయన తెల్లటి పిండి డబ్బా తెచ్చాడు. మన దగ్గర కార్న్ ఫ్లోర్ అని మంచూరియాలో వేసేది, ఇక్కడ కార్న్ స్టార్చ్ అంటారు. అది పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న మక్కీ ఆటా తీశాను. అది రొట్టెలకు పట్టించిన మెత్తటి పిండి. కావలసింది ఇడ్లీ రవ్వకూ ఉప్మా రవ్వకూ మధ్యలో ఉండేదని నాకప్పుడు తెలీదు.

మొలాసిస్ కోసం షాపుకు నేనే వెళ్లాను. ఆరోగ్యానికి మంచిదని రాసి ఉన్న నల్లటి సీసా, బ్లాక్‌స్ట్రాప్ రకం, ఏడు డాలర్లు పెట్టి కొన్నాను. ఖరీదైనది కదా, బాగుంటుందనుకున్నాను. ఇంటికొచ్చి మూత తీయగానే సోఫాలో కూర్చున్న అమ్మ తల తిప్పింది. "గిది షక్కర్‌నగర్ వాసన బిడ్డా" అంది.

అమ్మ పుట్టిల్లు బోధన్ పక్క ఊరు. బోధన్‌లోని షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గాలి ఇటు తిరిగితే ఊరంతా ఇదే వాసనట. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతబడింది. చెరకు రసం కాచి చక్కెర తీసేశాక మిగిలే చిక్కటి నల్ల పాకమే మొలాసిస్. అమ్మ సీసా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. "మేము దీన్ని తినం, పశువులకు పెడ్తరు" అని తిరిగిచ్చింది.

ఆ ప్రయత్నం పూర్తిగా పోయింది. మెత్తటి పిండి వేడిపాలల్లో పడగానే ఉండలు కట్టింది. ఓవెన్ మామూలుగా కేకుకు పెట్టినట్టు 350 ఫారన్‌హీట్‌లో పెట్టాను. అరగంట దాటగానే పాలు విరిగాయి. మొలాసిస్‌లో కాస్త పులుపుంటుంది, వేడి ఎక్కువైతే పాలు విరగ్గొడుతుంది. రెండు గంటల తర్వాత బయటికి తీస్తే కింద జిగురు ముద్ద, పైన పచ్చటి నీళ్లు. రుచి చూస్తే చేదు. బ్లాక్‌స్ట్రాప్ అంటే చక్కెర మూడోసారి కూడా పిండేశాక మిగిలింది, తీపి తక్కువ, చేదు ఎక్కువ. మా చిన్నోడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని టిష్యూలోకి ఊశాడు. పదహారు డాలర్లు, ఒక సాయంత్రం చెత్తబుట్టలోకి. ఏడుపొచ్చింది అంటే నవ్వుతారు గానీ నిజంగానే వచ్చింది. ఆ పెద్దావిడ అట్టముక్క ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద నన్నే చూస్తున్నట్టుంది.

మర్నాడు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడలేదు. నిదానమైన ఓవెన్ అంటే 300, అంతకు మించొద్దంది. "నిదానమైన ఓవెన్" అనేది వాళ్ల అమ్మమ్మ కట్టెల పొయ్యి రోజుల మాట. శనివారం రాత్రి బీన్స్ జాడీ పక్కనే ఈ జాడీ కూడా పెట్టేసి పడుకునేవాళ్లట. మొలాసిస్ లేత రకం తీసుకోమంది. పిండి మాత్రం సడ్బరీ వెళ్లి మర దగ్గర తెచ్చుకోమంది.

అలా నవంబర్ 8, శనివారం, అమ్మను తీసుకుని సడ్బరీ వెళ్లాను. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల దారి. వేసైడ్ ఇన్ అనే పాత సత్రం దగ్గర, 1929లో హెన్రీ ఫోర్డ్ కట్టించిన నీటి మర ఉంది. రాతి గోడలు, పక్కన ఎర్రటి పెద్ద చక్రం. ఆ రోజు చలి చెవులు కొరుకుతోంది. నేను ఫొటోల హడావుడిలో ఉంటే అమ్మ లోపల రాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. "మన ఇసుర్రాయే. నీళ్లు తిప్పుతున్నయ్, గంతే" అంది. అక్కడున్నాయన పిండి చేతిలో పోస్తే బొటనవేలితో నలిపి చూసి, వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకుంది. గటకకు ఈ బరక సరిగ్గా సరిపోతుందని తీర్పు. ఒక సంచి తొమ్మిది డాలర్లు. మామూలు షాపు పిండికి రెట్టింపు, అయినా తేడా ఉంది. రాతి మరలో పట్టిన పిండిలో గింజ మొత్తం ఉంటుంది, పచ్చి మక్క వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టకపోతే తొందరగా పాడవుతుందని కూడా చెప్పారు.

తొమ్మిదో తేదీ ఆదివారం రెండో ప్రయత్నం. ఈసారి పొయ్యి దగ్గర అమ్మ. పాలు అంచుల్లో బుడగలు రాగానే మంట తగ్గించి, ఎడమచేతి గుప్పిట్లోంచి రవ్వ సన్నగా జార్చుతూ కుడిచేత్తో తిప్పింది. నా చేతిలో విస్క్ చూసి అవతల పెట్టమంది. కట్టె గరిటె చాలు. ఒక్క ఉండ కట్టలేదు. పదిహేను నిమిషాలు ఆపకుండా తిప్పాక గరిటె వెనక మరక నిలిచేంత చిక్కబడింది. అప్పుడు వెన్న, మొలాసిస్, ఉప్పు, శొంఠి, దాల్చినచెక్క. తెల్లటి గటకలో నల్లపాకం తీగలు తీగలుగా కలిసి, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. వంటిల్లంతా శొంఠి ఘాటు. వెన్న రాసిన డిష్‌లో పోసి, పైన కప్పు చల్లటి పాలు పోయాలి. పోశాక కలపకూడదు! పెద్దావిడ మూడుసార్లు చెప్పింది. నాకేమో చేయి ఆగదు. గట్టిగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

300 దగ్గర రెండున్నర గంటలు అయ్యింది. తీసి చూస్తే అంచులు గట్టిపడ్డాయి, మధ్యలో మాత్రం నాట్లకు ముందు మడిలా నీళ్లు తేలుతున్నాయి. కాలేదనుకున్నాను. మళ్లీ లోపల పెట్టాను. ఇంకో గంట. నీళ్లు పోయాయి. బయట పెట్టి అరగంట తర్వాత గరిటె దించితే పలకలా పగిలింది. రుచి బాగానే ఉంది కానీ ఎండిన మక్కరొట్టె బెల్లంలో ముంచినట్టుంది.

ఇది మీరు చేస్తే గుర్తుపెట్టుకోవలసిన ముక్క ఇదొక్కటే: ఓవెన్‌లోంచి తీసేటప్పుడు అది చూడ్డానికి కానట్టే ఉంటుంది. డిష్ కాస్త కదిపితే మధ్యలో తొణకాలి. బయట పెట్టాక అరగంట, ముప్పావుగంటలో ఆ తడంతా రవ్వే పీల్చుకుంటుంది. ఎక్కడా ఎవరూ ఇలా విడమర్చి చెప్పలేదు, పెద్దావిడ కూడా చెప్పలేదు. అరవై ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు అది చెప్పాల్సిన విషయంలా అనిపించదు.

నవంబర్ 13, గురువారం. ఆఫీసుకు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. కారణం పుడ్డింగ్ అని రాయలేక "పర్సనల్" అని రాశాను. పదకొండు మంది వస్తున్నారు, రెట్టింపు చేయమని పెద్దావిడ తన మట్టి జాడీ పంపింది. గోధుమరంగు, పొట్ట బలిసి, మూతి ఇరుకు. ఖాళీదే ఎత్తాలంటే రెండు చేతులు కావాలి. పన్నెండున్నరకు పాలు పొయ్యి మీద పెట్టి, ఒకటిన్నరకు జాడీ ఓవెన్‌లో పెట్టాం. రెట్టింపు సరుకుకు, అదీ లోతైన జాడీలో, టైమ్ మారుతుందని మళ్లీ నాకు తట్టలేదు. నాలుగున్నరకు తీస్తే ఇంకా పాలల్లానే ఉంది. కిటికీ అవతల చీకటి పడిపోయింది. ఆరింటికి జనం. టెన్షన్‌తో ఓవెన్ 350కి పెంచబోతే అమ్మ నా చేయి పట్టుకుంది. "మొన్న తొందరవడ్డవ్, ఏమైంది?"

పెద్దావిడకు ఫోన్ చేశాను. ఐదుంబావుకు తనే వచ్చింది, కట్టు చేతికి శాలువా చుట్టుకుని. తలుపు తెరిచి, వంగి, జాడీని చెంచాతో ఒక్కసారి తట్టింది. ఉపరితలం బద్ధకంగా వణికింది. ఇంకో ఇరవై నిమిషాలు, తర్వాత ఎలా ఉన్నా తీసెయ్యమంది. ఆ ఇరవై నిమిషాలు ముగ్గురం ఓవెన్ ముందే కుర్చీలు వేసుకున్నాం. అమ్మకు ఇంగ్లిష్ రాదు, ఆమెకు తెలుగు రాదు. మేమందరం "అమ్మ" అనడం విని అదే పేరనుకుని ఆమె కూడా "అమ్మా" అంటుంది. అమ్మ ఆమెను "అక్కా" అంటుంది. నేను మధ్యలో దుబాసీని.

ఈ మొలాసిస్ ఇక్కడికెలా వచ్చిందని అమ్మ అడిగింది. కరీబియన్ దీవుల చెరకు తోటల నుంచి ఓడల్లో పీపాలుగా వచ్చేదట, రమ్ కాచడానికి. ఆ తోటల్లో పని చేసింది బానిసలు. చక్కెర కంటే చవక కాబట్టి పేదవాళ్ల వంటిళ్లలో ఇదే తీపి. ఆ తర్వాత పెద్దావిడ చెప్పింది మాత్రం అమ్మ నమ్మలేదు. 1919 జనవరి 15న బోస్టన్ నార్త్ ఎండ్‌లో మొలాసిస్ ట్యాంకు పగిలి, వీధుల్లో వరదలా పారి 21 మంది చనిపోయారు. "బెల్లంపాకంల మునిగి సచ్చిపోయిండ్రా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. నేనూ అంతకుముందు విన్నదే, అయినా ఆ వాసన మధ్యలో కూర్చుని వింటే వేరుగా ఉంది.

జాడీ మందపాటి తువ్వాల్లో చుట్టి నేను మోశాను. అమ్మ ముందు ఫోన్ లైటు పట్టుకుని నడిచింది. ముప్పై అడుగులే, కానీ నోట్లోంచి పొగలు. నా ఛాతీకి ఆనించుకున్న జాడీ మాత్రం పిల్లాడిలా వెచ్చగా.

వేడుక అంటే ప్రార్థనలు, పాటలు ఏమీ లేవు. అందరూ ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకున్నారు. ఆరుంబావుకు పెద్దావిడ ఎడమచేత్తో మొదటి గరిటె తీసింది. పైన ముదురు పొర, కింద మెత్తగా, గరిటె పెట్టిన చోట కాస్త పలచటి రసం ఊరి మళ్లీ ఇంకిపోయింది. చూడ్డానికి అస్సలు బాగుండదు, ముందే చెబుతున్నా. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే మా చెల్లి "ఏమైందే" అని అడిగింది. పైన వెనిల్లా ఐస్‌క్రీమ్ పెడతారు. అది ఆ వేడికి కరిగి శొంఠి ఘాటును తగ్గిస్తుంది. జున్నూ గటకా కలిస్తే వచ్చే రుచి అనొచ్చు, జున్నులో మిరియాల బదులు శొంఠి. మా చిన్నోడు ఈసారి ఊయలేదు. భక్షాల్లో పూర్ణంలా ఉందన్నాడు.

ఒక ముసలాయన మొదటి చెంచా తిని కాసేపు మాట్లాడలేదు. బోస్టన్‌లో ఫ్యానీల్ హాల్ దగ్గర డర్గిన్ పార్క్ అనే పాత హోటల్లో వాళ్ల నాన్న కొనిపెట్టేవాడట. అది 2019 జనవరిలో మూసేశారు. ఆ తర్వాత ఆయన ఏటా తినేది ఈ ఇంట్లోనే. "అమ్మ"కు థాంక్స్ చెప్పమన్నాడు. చెప్పాను. ఉప్పు ఒక్క చిటికెడు తగ్గిందని చెప్పమంది. చెప్పలేదు.

లెక్క చూస్తే మూడుసార్లకూ కలిపి, ఐస్‌క్రీమ్‌తో సహా, యాభై రెండు డాలర్లు. షాపులో గుమ్మడికాయ పై ఏడు డాలర్లకే వస్తుందని మా ఆయన గుర్తుచేశాడు. మొదటిసారే సరిగ్గా చేస్తే మాత్రం నలుగురికి ఎనిమిది, తొమ్మిది డాలర్లలో అయిపోతుంది. థ్యాంక్స్‌గివింగ్ పండగకు నవంబర్ 27న మళ్లీ చేయమన్నారు. ఈసారి ఒక జాడీ కాదు, రెండు చిన్న డిష్‌లు.

జాడీ అడుగున మిగిలినదాన్ని పెద్దావిడ మాకే ఇచ్చింది. రాత్రికి గట్టిపడింది. పొద్దున అమ్మ దాన్ని ముక్కలు కోసి, పెనం మీద నెయ్యి వేసి రెండు వైపులా కాల్చింది. ఒకచేత్తో తింటూ, ఇంకోచేత్తో బోధన్‌లో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"ఏం లేదక్కా, తీపి గటకనే. మూడు గంటలు కాలవెట్టాలె. నిన్న నాలుగు గంటలు వట్టింది."

"గటకకు నాలుగు గంటలా? ఎందుకే?"

అమ్మ ఓవెన్ వైపు చూసింది. కిటికీ అద్దం అంచున మంచు పేరుకుని ఉంది.

"సలికి. అంతసేపు ఇల్లు ఎచ్చగుంటది."